అక్క మోకాళ్లు, పంతొమ్మిది మెట్లు

జూన్ 3, సోమవారం

ఉద్యోగంలో చేరాను. గెస్ట్‌హౌస్‌లో నాలుగో నంబరు గది ఇచ్చారు. కుళాయి తిప్పితే ముందు దగ్గు, తరవాత తుప్పు, ఆ తరవాత నీళ్లు వచ్చాయి. కిటికీలోంచి చూస్తే యూనివర్సిటీ గోడ, గోడ అవతల పొలాలు, పొలాల అవతల ఇంకా పొలాలు. ఫోన్ పలకాలంటే పంపుహౌస్ రోడ్డు చివర దాకా నడిచి వెళ్లాలట, మిట్ట మీదికి. ఇంకెక్కడా సిగ్నల్ ఉండదు.

క్వార్టర్ల గుమాస్తా నన్ను కూర్చోబెట్టి రూలు చదివి వినిపించాడు. గెస్ట్‌హౌస్ ఒక్క నెలే. ఇరవై ఎనిమిదో తారీఖు శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా క్వార్టరు కావాలో వద్దో రాసివ్వాలి. వద్దంటే మూడేళ్ల దాకా మళ్లీ అడగకూడదు. రాసివ్వకపోతే వద్దన్నట్టే.

"వద్దనేవాళ్లు కూడా ఉంటారా?" అని అడిగాను.

"ఉంటారు మేడం. చూశాక అంటారు," అన్నాడు.

జూన్ 4, మంగళవారం

ఇది ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. నాకు నలభై ఏడేళ్లు. ఇంతవరకూ నాకంటూ ఒక ఇంటి తాళంచెవి లేదు.

అమ్మ పోయినప్పుడు నాకు ఏడేళ్లు, అక్కకి పదిహేడు. అప్పటినుంచి అక్క ఎక్కడుంటే నేనూ అక్కడే. అక్కకి పెళ్లయితే పెట్టెలతో పాటు నేనూ వెళ్లాను. బావ మంచివాడు, పల్లెత్తు మాట అనలేదు. ఆయన పోయి పదకొండేళ్లయింది. ఇప్పుడు సిటీలో కింద వాటాలో మేమిద్దరమే. ముందుగది అక్క కుట్టుమిషన్లది. స్కూళ్లకి యూనిఫారాలు కుడుతుంది. నడిమి గది నాది. నాది అని అనుకోవడమే తప్ప, నేను లోపల ఉండగానే వచ్చి ఫ్యాను ఆపి వెళుతుంది. నేను చదువుతున్న పేపరు అవతలి వైపు నుంచి చదివి, వార్తలు నాకే చెబుతుంది. నేను మొదలుపెట్టిన మాట తను పూర్తిచేస్తుంది, అదీ తప్పుగా. స్నానాలగదిలో ఐదు నిమిషాలు దాటితే తలుపు కొట్టి "పడ్డావా?" అంటుంది.

ఉద్యోగం ఉత్తరం వచ్చిన రోజున అది చదివి, మడిచి, నా చేతిలో పెట్టి, "సరే, నువ్వెక్కడికెళ్తే నేనూ అక్కడికే. నేను లేకపోతే నువ్వు అన్నం తినడం కూడా మర్చిపోతావు," అంది. నా గుండెల్లో రాయి పడింది. సంతోషంగా మొహం పెట్టాను.

నన్ను పెంచిన మనిషి. రావద్దని ఎలా చెప్పను? నోరు పెగలదు. కాబట్టి అక్క తనంతట తానే "నావల్ల కాదే" అనే ఇల్లు ఒకటి వెతకాలి.

పై వాక్యం కొట్టేశాను. ఇల్లు నిష్పక్షపాతంగా ఎంచుకుంటాను. నీళ్లు, గాలి, దూరం, అంతే. అక్క మోకాళ్ల సంగతి ఎలాగూ చూసుకోవాలి కదా, పాపం. ఐదేళ్లుగా నొప్పులు. మెట్లంటే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోతుంది. ఐదేళ్లుగా డాబా మీద బట్టలు ఆరెయ్యడం నా పని. తడి బకెట్టుతో యాభై నాలుగు మెట్లు.

జూన్ 6, గురువారం

మొదటి క్లాసు. నేల కొలవడం నేర్పడం నా వృత్తి. ఎక్కడ మొదలుపెట్టినా ఒకే పాఠంతో మొదలుపెడతాను. ఎత్తులు కొలవాలంటే ముందు ఎత్తు తెలిసిన రాయి ఒకటి కావాలి, దాన్ని బెంచ్‌మార్క్ అంటారు, మిగతా లెక్కంతా దాని మీదే నిలబడుతుంది. ఆ రాయి కదిలి ఉంటే, మీరు ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని కొలిచినా అంతా దండగే.

చివరి బెంచీ అమ్మాయి లేచి, "రాయి కదిలిందని ఎలా తెలుస్తుంది మేడం?" అంది.

"కూర్చుని ఆలోచిస్తే తెలీదమ్మా. వెళ్లి చూసుకోవాలి," అన్నాను. మంచి ప్రశ్న. మంచి జవాబు కూడా, నాకు నేనే చెప్పుకోకూడదు గాని.

జూన్ 8, శనివారం

టేపు పట్టుకుని మూడు ఇళ్లూ చూసి వచ్చాను.

మొదటిది క్యాంపస్ క్వార్టరు. రెండు పడకగదులు, వంటిల్లు, వెనక కాస్త జాగా. మొత్తం నేల మీదే. గడప ఎత్తు రెండంగుళాలు. మా అక్క కళ్లు మూసుకుని నడిచి రావచ్చు. లోపాలు: చాలా ఉన్నాయి. గోడల రంగు బాగాలేదు. ఇంకా ఆలోచించి రాస్తాను.

రెండోది టౌన్లో, ఇరవై రెండు కిలోమీటర్ల దూరంలో, నాలుగో అంతస్తులో ఫ్లాట్. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నాలుగో అంతస్తు అనగానే ప్రాణం లేచొచ్చింది. తీరా వెళ్తే లిఫ్టు ఉంది. అదీ పనిచేస్తోంది.

మూడోది యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న ఊళ్లో. కింద జిరాక్స్ కొట్టు, పైన ఒకే ఒక్క గది. బయటినుంచి ఇనప మెట్లు, మెలి తిరిగి పైకి పోతాయి. పంతొమ్మిది మెట్లు. ఒక్కో మెట్టు ఎనిమిది అంగుళాల ఎత్తు. రెండోసారి కూడా కొలిచాను. ఎనిమిదే. పట్టుకోవడానికి కమ్మీ ఒక పక్కనే ఉంది, అదీ కదులుతోంది. ఎంత చక్కటి గది! గాలి, వెలుతురు, పొలాలు. ఒక మంచమే పడుతుంది.

కొట్టు యజమాని, జిరాక్స్ బాబాయి, కింద నుంచి, "మెట్లు కొంచెం ఇబ్బందమ్మా. పెద్దవాళ్లెవరన్నా ఉన్నారా ఇంట్లో?" అని కేకేశాడు.

"ఉన్నారు బాబాయ్," అన్నాను, ఎంత దిగులుగా అనాలో అంత దిగులుగానే.

జూన్ 10, సోమవారం

మూడు ఇళ్లకీ మార్కులు వేశాను. నీళ్లకి పది, గాలికి పది, దూరానికి పది. క్వార్టరుకి ఇరవై ఆరు వచ్చాయి, ఇనప మెట్ల గదికి పదిహేడు.

జూన్ 11, మంగళవారం

గాలికి పది మార్కులేమిటి, అన్యాయం. ఆరోగ్యానికి గాలే ముఖ్యం. ముప్పై చేశాను. "ఉదయం కనిపించే దృశ్యం" అని ఇంకో పది కలిపాను. ఇప్పుడు ఇనప మెట్ల గదికి నలభై రెండు, క్వార్టరుకి నలభై ఒకటి. నిష్పక్షపాతంగా చేస్తే ఫలితం దానంతటదే వస్తుంది.

జూన్ 13, గురువారం

గెస్ట్‌హౌస్‌లో పక్కగది ఆయన భూగర్భశాస్త్రం మాస్టారు. అందరూ రాళ్ల మాస్టారు అంటారు. మూడేళ్ల కిందట ఇలాగే ఒక నెలకని వచ్చాడట. క్వార్టరు తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తూ ఉండగా గడువు దాటిపోయింది. అప్పటినుంచి ప్రతి నెలా ఆఖరి రోజున పెట్టె సర్దుకుని గది ఖాళీ చేసి, మర్నాడు పొద్దున కొత్తగా వచ్చినట్టు మళ్లీ సంతకం పెడతాడు. ముప్పై ఆరు సార్లు చేరాడు. గుమాస్తా ప్రతిసారీ "దయచెయ్యండి" అంటాడట.

"ఆ క్వార్టరా?" అన్నాడు రాళ్ల మాస్టారు, నేను అడక్కుండానే. "తేమండీ. పునాది కింద నల్లమట్టి. నా మాట విని ఇనప మెట్ల గది తీసుకోండి. గాలి!"

ఎంత పెద్దమనసు అనుకున్నాను. తరవాత గుమాస్తా చెప్పాడు: మూడేళ్లు నిండాయి కనుక వరసలో నా తరవాత పేరు ఆయనదే. అయినా సరే, ఆయన మాటలో నిజం ఉంది. తేమకి క్వార్టరుకి మూడు మార్కులు తీసేశాను.

జూన్ 15, శనివారం

అక్క వచ్చింది. నాలుగ్గంటల బస్సు ప్రయాణం. దిగేటప్పుడు కండక్టరు చెయ్యి పట్టుకుని దింపాడు. "అమ్మా, అబ్బా" అంటూ మోకాలి మీద చెయ్యి వేసుకుంది. నాకు జాలేసింది. ఇలాంటి మనిషి మీద పన్నాగాలు పన్నుతున్నానా అనిపించింది. పన్నాగం కాదు, ఎంపిక.

ముందు క్వార్టరుకే తీసుకెళ్లాను, ఎవరూ వేలెత్తి చూపించకుండా. గుమాస్తా తాళం తీశాడు. అక్క చెప్పులు విడిచి లోపలికి నడిచింది. నడిచిందంటే, హాయిగానే నడిచింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. వంటింట్లో నిలబడి చుట్టూ చూసి, "నేల చల్లగా ఉందే," అంది.

"అవునా?"

"ఐసు. ఇలాంటి నేల మీద నిలబడితే మోకాళ్లు పట్టేస్తాయి. తేమ కూడా ఉన్నట్టుంది."

"నిజమే అక్కా, నల్లమట్టి!" అన్నాను. ఎంత ఆత్రంగా అన్నానంటే గుమాస్తా నా మొహంలోకి చూశాడు.

సాయంత్రం బస్సులో టౌన్‌కి వెళ్లాం. అక్క లిఫ్టు ముందు నిలబడింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, మళ్లీ తెరుచుకుంది. "నేనెక్కను బాబూ. మధ్యలో ఆగితే?" అంది. నేను బలవంతం చెయ్యలేదు. పెద్దవాళ్లని బలవంతం చెయ్యకూడదు.

టౌన్ నుంచి ఆటోలో వెనక్కి వచ్చి చివరికి జిరాక్స్ కొట్టు దగ్గర ఆగాం. అక్క తలెత్తి ఇనప మెట్లని కింద నుంచి పైదాకా చూసింది. బాబాయి కుర్చీ వేస్తే కూర్చుంది. "నావల్ల కాదే తల్లీ. నువ్వెళ్లి చూసిరా."

నేను పైకి వెళ్లి, కిటికీ తెరిచి, మూసి, నూరు దాకా లెక్కపెట్టి కిందికి వచ్చాను. "ఒక్క గదేగా అక్కా. పైగా ఈ మెట్లు. నువ్వు ఎలా..."

"నా గురించి ఆలోచించకు," అంది అక్క. "నీ ఉద్యోగం, నీ సుఖం. నీకిది నచ్చిందా?"

"నచ్చిందనుకో. కానీ నువ్వు..."

"నచ్చితే ఖాయం చేసెయ్. నేను అక్కడే పడుంటాలే, ఆ మిషన్లతో." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజంగానే తిరిగాయి. ఇద్దరం జిరాక్స్ కొట్టు ముందు నిలబడి ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ముక్కులు ఎగబీల్చాం. బాబాయికి ఏమీ పాలుపోక ఇద్దరికీ సోడాలు ఇచ్చాడు.

జూన్ 16, ఆదివారం

అక్క పొద్దున బస్సుకే వెళ్లిపోయింది. రెండు రోజులు ఉంటానని వచ్చి ఒక్క రోజుకే. కుట్టాల్సినవి చాలా ఉన్నాయట. పాపం, బాధ దాచుకోవడానికి అలా అంది.

జూన్ 18, మంగళవారం

గెలిచాను. ఈ ముక్క ఎక్కడో ఒకచోట రాసుకోకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది. తాళంచెవి! ఫ్యాను! స్నానాలగదిలో అరగంట!

అక్కని తలుచుకుంటే బాధగానే ఉంది. బాధగా ఉందని ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

జూన్ 19, బుధవారం

పాత కాలేజీ ఇచ్చిన సర్టిఫికెట్ అసలు కాపీ కావాలంది ఆఫీసు. అది ఇంట్లో, నా బీరువాలో ఉంది. రేపు క్లాసుల్లేవు. పొద్దున బస్సుకి వెళ్లి సాయంత్రానికి వచ్చేస్తాను. అక్కకి చెప్పలేదు. మిట్ట దాకా నడవాలంటే బద్ధకం. నన్ను చూసి ఎంత సంబరపడుతుందో!

జూన్ 20, గురువారం

అక్క!

జూన్ 21, శుక్రవారం

నిన్న రాయడానికి చెయ్యి ఆడలేదు. ఇవాళ కూడా ఒళ్లు మండుతూనే ఉంది, అయినా రాస్తాను.

నిన్న పదకొండింటికి ఇంటికి చేరాను. తలుపు తీసే ఉంది, ముందుగదిలో ఎవరూ లేరు. అంతలో మెట్ల మీద చప్పుడు. పైనుంచి ఎవరో పాడుకుంటూ దిగుతున్నారు. టకటకా, టకటకా. రెండేసి మెట్లు. చేతిలో ఖాళీ బకెట్టు ఊగుతోంది.

మా అక్క. డాబా మీద బట్టలు ఆరేసి వస్తోంది.

చివరి మూడు మెట్లూ ఒక్క అంగలో దాటి కింద కాలు పెట్టి, తలెత్తి నన్ను చూసింది. పాట ఆగిపోయింది. అప్పుడు మా అక్క ఏం చేసిందంటే, మెల్లిగా గోడ పట్టుకుంది. "అమ్మా," అంది, కొంచెం ఆలస్యంగా. చెయ్యి కూడా మోకాలి మీద కాదు, తొడ మీద వేసింది.

"నాటకాలాడకు," అన్నాను.

"ఏమే, చెప్పా పెట్టకుండా వస్తే ఎలా?"

నేరుగా నా గదిలోకి వెళ్లాను. నా గది లేదు. నా మంచం గోడకి నిలబెట్టి ఉంది. మధ్యలో ఎనిమిది అడుగుల కత్తిరింపు బల్ల, కొత్తది. దాని మీద నీలం గుడ్డ తాను. నా పుస్తకాలు మూడు అట్టపెట్టెల్లో, ఒక్కోదాని మీద సుద్దతో "దీనివి" అని రాసి ఉంది. కిటికీకి కొలిచి కుట్టిన కర్టెను. నేను వెళ్లి పదిహేడు రోజులే అయింది!

"ఈ బల్ల ఎప్పుడు చేయించావు?"

"పోయిన నెల చెప్పాను వడ్రంగికి," అంది, నేల చూపులు చూస్తూ.

అంటే ఉత్తరం వచ్చిన వారానికే. అరికాలి మంట నెత్తికెక్కింది. "మరి నువ్వెక్కడికెళ్తే నేనూ అక్కడికే అన్నావు?"

"అనకపోతే ఎలా? ఉత్తరం చూసి బిక్కమొహం వేశావు. రానంటే ఏడుస్తావనుకున్నాను."

"అది బిక్కమొహం కాదు. సంతోషం దాచుకునే మొహం!"

నోరు జారింది. అక్క నోరు తెరిచింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఓహో! అయితే ఆ ఇనప మెట్లు?"

"నువ్వు ఎక్కలేవనే."

"నేనూ అదే అనుకున్నా కదే, ఎక్కలేననడానికి భలే దొరికాయని! అక్కడ కూర్చుని దేవుడికి దండం పెట్టుకున్నాను!"

ఆ తరవాత ఇద్దరం అరిచిన అరుపులు రాయను. పై వాటా ఆవిడ కూడా వరండాలోకి వచ్చి నిలబడింది. చివరికి నేను, "ఐదేళ్లు! ఐదేళ్లు ఆ బకెట్టు నేను మోశాను! ఎందుకే ఈ మోకాళ్ల నొప్పి?" అన్నాను.

అక్క కూర్చుంది. "నీతో సాయంత్రం నడకకి రాలేక."

"ఏం, నడిస్తే ఏమైంది?"

"నడిస్తే ఏమీ కాలేదు. వింటేనే. ప్రతి రోడ్డుకీ వాలు ఎంతో చెప్తావు. ఇది ఇరవైకి ఒకటి, అది నలభైకి ఒకటి, నీళ్లు ఇటు పోవాలి, ఇంజనీరు వెధవ అటు పోనిచ్చాడు. ఆరేళ్లు విన్నానే. ఒకరోజు మోకాలు నొప్పి అన్నాను. నువ్వొక్కదానివే వెళ్లావు. ఇంట్లో ముప్పావుగంట నిశ్శబ్దం. ఎంత బావుందో! మర్నాడు రెండో మోకాలు కూడా నొప్పి అన్నాను. తర్వాత బకెట్టు సంగతి వచ్చింది. అప్పుడు బయటపడలేకపోయాను, సిగ్గేసింది."

సర్టిఫికెట్ తీసుకుని, చెప్పులేసుకుని వచ్చేశాను. ఇనప మెట్లు ఎనిమిది అంగుళాలో కాదో రెండుసార్లు కొలిచాను. యాభై నాలుగు మెట్లూ లెక్కపెట్టాను. అసలు రాయి కదిలిందో లేదో ఐదేళ్లలో ఒక్కసారి వెళ్లి చూడలేదు. పిల్లలకి పాఠం చెప్పేది నేను.

జూన్ 22, శనివారం

అక్క రావద్దని నేననుకోవడం వేరు. రానక్కర్లేదని అక్క అనుకోవడం వేరు. రెండూ ఒకటేనని ఎవరైనా అంటే వాళ్లకి బుర్ర లేదు.

జూన్ 23, ఆదివారం

పదిహేడు రోజులకే కత్తిరింపు బల్ల.

జూన్ 24, సోమవారం

ఇప్పుడు అడ్డేమీ లేదు. ఎవరి మోకాళ్లూ చూసుకోనక్కర్లేదు. నాకేం కావాలో అదే తీసుకోవచ్చు. హాయిగా కొత్త పట్టిక వేద్దామని కూర్చున్నాను. "నాకు" అని పైన రాశాను. కింద ఏం రాయాలో తోచలేదు. పాత పట్టిక తిరగేసి చూస్తే మెట్లు, గడపలు, కమ్మీలు, నేల. అన్నీ అక్క కాళ్లకి కొలిచినవే. నేనెక్కడ కూర్చుంటే బావుంటుందో ఒక్కచోట కూడా రాసుకోలేదు. కాసేపు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

జూన్ 25, మంగళవారం

టేపు గదిలో వదిలేసి ఇనప మెట్ల గదికి వెళ్లాను. బాబాయిని అడిగి ఒక బకెట్టు నీళ్లు పైకి మోశాను, ఉంటే రోజూ మొయ్యాలి కదా. పన్నెండో మెట్టు దగ్గర ఎడమ మోకాల్లో ఏదో కలుక్కుమంది. పదిహేనో మెట్టు దగ్గర కుడిది. మిగతా నాలుగు మెట్లూ కూర్చుని ఎక్కాను. గది ఎండకి పెనంలా కాలుతోంది. కింద జిరాక్స్ మిషను తిరిగినప్పుడల్లా నేల వణుకుతోంది. పది మార్కుల దృశ్యం ఎటుందా అని చూస్తే ఎదురింటి వాళ్ల నీళ్ల ట్యాంకు.

కిందికి దిగడానికి బాబాయి చెయ్యి అందించాడు. "మెట్లు పెద్దవాళ్లకి కష్టమని నేను ముందే చెప్పానమ్మా," అన్నాడు, జాలిగా.

పెద్దవాళ్లంటే నేనే. ఐదేళ్లు, యాభై నాలుగు మెట్లు, తడి బకెట్టు. మా ఇంట్లో మోకాళ్ల నొప్పులు ఉన్నది నాకు.

జూన్ 26, బుధవారం

డాక్టరు దగ్గరికెళ్లాను. మెట్లు తగ్గించమన్నాడు. "ఎన్నాళ్ల నుంచి ఉంది?" అని అడిగితే, "ఐదేళ్ల నుంచి వింటున్నాను," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

జూన్ 28, శుక్రవారం

నాలుగున్నరకి క్వార్టర్ల గుమాస్తా ముందు కూర్చున్నాను. రాళ్ల మాస్టారు కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు, ఊరికే చూసిపోదామని. పొద్దున నేను ఇంకొకసారి క్వార్టరుకి వెళ్లి వంటింటి గుమ్మంలో వెనక జాగా వైపు తిరిగి కూర్చున్నాను. గంటన్నర కూర్చున్నాను. ఎందుకు బావుందో మార్కులు వెయ్యబుద్ధి కాలేదు. నేల చల్లగా ఉంది. నా మోకాళ్లకి చాలా హాయిగా ఉంది.

"కావాలి" అని రాసిచ్చాను. వెనకనుంచి రాళ్ల మాస్టారు నిట్టూర్పు వినిపించింది.

"తేమండీ," అన్నాడు.

"తెలుసండీ. ఇనప మెట్ల గది ఖాళీగా ఉంది. గాలి!" అన్నాను. మొహం మాడ్చుకుని పెట్టె సర్దుకోవడానికి వెళ్లాడు. ఆదివారం నెలాఖరు కదా.

గుమాస్తా తాళంచెవులు ముందు పెట్టాడు. రెండు. "ఇంకోటి ఎవరి దగ్గర ఉంచుతారు మేడం? రాసుకోవాలి," అన్నాడు. నాకు ఒకటి చాలు, ఇంకోటి మీ దగ్గరే ఉంచండి అందామని నోరు తెరిచాను. ఎన్నాళ్ల నుంచో అనుకుంటున్న మాట, నా తాళంచెవి, ఒక్కటే తాళంచెవి.

"అక్క" అని రాయించాను. రూలు ఉంది కాబట్టి. ఎవరో ఒకరి పేరు రాయాలి కదా.

జూలై 1, సోమవారం

ఇంట్లో చేరాను. ఫ్యాను రోజంతా తిరిగింది. స్నానాలగదిలో నలభై నిమిషాలు ఉన్నాను. పడ్డావా అని ఎవరూ అడగలేదు. పేపరు తెచ్చుకుని మొత్తం చదివాను. ముందు పేజీ వార్త రెండుసార్లు చదివినా బుర్రకెక్కలేదు.

రాళ్ల మాస్టారు నిన్న గెస్ట్‌హౌస్ ఖాళీ చేశాడు, ఇవాళ మళ్లీ చేరలేదు. ఇనప మెట్ల గది తీసుకున్నాడట. ఏడు పెట్టెల రాళ్లు పైకి ఎక్కించాడని, కమ్మీ ఊడిందని జిరాక్స్ బాబాయి లబోదిబోమంటున్నాడు.

జూలై 2, మంగళవారం

రెండో తాళంచెవి అక్కకి రిజిస్టరు పోస్టులో పంపాను. చీటీ కూడా పెట్టాను: "మెట్లు లేవు. వచ్చే ముందు చెప్పి రా. బకెట్టు నువ్వే మొయ్యాలి." ప్రేమతో అని రాయలేదు. ఎందుకు రాయాలి, బల్ల ఇంకా నా గదిలోనే ఉంది.

జూలై 12, శుక్రవారం

పోస్టులో ఒక కవరు వచ్చింది. లోపల మా ఇంటి తాళంచెవి, అక్క సుద్దముక్కతో రాసిన చీటీ. "నీ మంచం మళ్లీ వేశాను, బల్ల కింద సరిపోయింది. నువ్వూ చెప్పి రా." దాంతో పాటు నాలుగు మందపాటి గుడ్డ పట్టీలు, లోపల దూది పెట్టి కుట్టినవి, మోకాళ్లకి కట్టుకోవడానికి. నా మోకాళ్ల సంగతి నేను అక్కకి చెప్పనే లేదు. నడక చూసి కనిపెట్టి ఉంటుంది, ఎప్పుడో. కొలత పెట్టకుండానే సరిగ్గా సరిపోయాయి.

పట్టీలు కట్టుకుని సాయంత్రం నడకకి వెళ్లాను. పంపుహౌస్ రోడ్డు మొదట్లో చదునుగానే ఉంటుంది, వంతెన దాటాక పైకి లేస్తుంది. ముప్పైకి ఒకటి. నీళ్లు కుడివైపు కాలవలోకి పోవాలి, ఎడమవైపు వాలు పెట్టారు. బుద్ధి ఉన్నవాడెవడైనా అలా పెడతాడా? పక్కకి తిరిగి చెప్పబోయాను. పక్కన ఎవరూ లేరు. పైకే చెప్పాను, ఒక బర్రె విని వెళ్లిపోయింది.

మిట్ట మీదికి చేరేసరికి సిగ్నల్ వచ్చింది. అక్కకి ఫోన్ చేశాను. గొడవ పడ్డాక ఇదే మొదలు.

"ఎవరూ?" అంది అక్క, నా నంబరు తనకి తెలీనట్టు.

"ఇక్కడ ఒక రోడ్డు ఉందక్కా," అన్నాను. ఇంక ఆగలేకపోయాను. ముప్పైకి ఒకటని, కాలవ కుడివైపని, వాలు ఎడమవైపని, మొదటి వానకే వంతెన పక్క మట్టి కోసుకుపోతుందని, ఇంజనీరు వెధవ అని, గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అవతల మిషను చప్పుడు ఆగిపోయింది. ఒక్కసారి కూడా నా మాట మధ్యలో తను పూర్తిచెయ్యలేదు.

అంతా అయ్యాక, "అయిందా?" అంది.

"అయింది."

"సరే అయితే, నాకు మోకాళ్లు నొప్పెడుతున్నాయి. ఉంటాను."

నాకు నవ్వాగలేదు. అవతల తనూ నవ్వుతోందని ఊపిరి చప్పుడుని బట్టి తెలుస్తోంది. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు.

"రేపు ఏ రోడ్డే?" అంది.